కక్ష్యల లెక్కతో కెరీర్

బుధగ్రహం కక్ష్య మెల్లమెల్లగా దిశ మార్చుకుంటూ ఉంటుంది. మిగతా గ్రహాల ఆకర్షణనంతా లెక్కలోకి తీసుకున్నా శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల చిన్న కోణీయ తేడా మిగిలిపోయేది. యురేనస్ గతిలోని తేడాను బట్టి 1846లో నెప్ట్యూన్ జాడ చెప్పిన ఖగోళ శాస్త్రవేత్త లెవెరియె, ఇక్కడా కనిపించని గ్రహమే ఉందనుకున్నాడు. అది దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఆ తేడాకు సరిగ్గా లెక్క చెప్పింది. ఇలాంటి తేడాల అంతు తేల్చడమే కక్ష్యల లెక్కలు కట్టే ఈ రంగంలో పని.

ఇప్పుడేం జరుగుతోంది?
పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలాన్ని ఎస్2 నక్షత్రం 16 ఏళ్లకోసారి చుట్టివస్తుంది. 2018 మేలో అది బిలానికి అతి దగ్గరగా, సెకనుకు 7 వేల కిలోమీటర్లకు పైగా వేగంతో సాగింది. దాని కాంతి ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినట్లే ఎరుపు వైపు జరిగింది. మన దేశంలో పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే పల్సార్ నక్షత్రాలను గమనిస్తోంది. ఆ పరిశోధనలో ఐఐటీ హైదరాబాద్‌ కూడా పాలుపంచుకుంటోంది.

ఎలా చేరాలి?
ఇంటర్‌లో ఎంపీసీ చదవాలి. తిరుపతి సహా ఐసర్‌లకు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్, నైసర్‌కు నెస్ట్ రాయాలి. బీఎస్సీ ఫిజిక్స్ వారికి ఐఐటీ జామ్ ద్వారా ఎమ్మెస్సీ దారి ఉంది. పీహెచ్‌డీకి జెస్ట్, నెట్, గేట్ స్కోర్లు పనికొస్తాయి. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతుంది.

ఏం నేర్చుకోవాలి?
క్లాసికల్ మెకానిక్స్, స్టాటిస్టిక్స్, పైథాన్‌పై గట్టి పట్టు కావాలి. డిగ్రీలోనే ఒక ప్రాజెక్టు చేయండి. నాసా జేపీఎల్ హొరైజన్స్‌లో గ్రహాల స్థానాలు ఉచితంగా దొరుకుతాయి. సూర్యుణ్ని, గ్రహాలను న్యూటన్ సూత్రంతో కంప్యూటర్‌లో నడిపించి, బుధుడు సూర్యుడికి అతి దగ్గరయ్యే బిందువు ఎటు జరుగుతోందో ఆ వివరాలతో పోల్చండి. శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల తేడా మీకే కనిపించాలి. కనిపించకపోతే ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో వెతకండి. పరిశోధనకు కావాల్సిన ఓర్పు అలాగే అలవడుతుంది.

అవకాశాలెలా ఉన్నాయి?
శాశ్వత అధ్యాపక పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ, పోస్ట్ డాక్టరేట్ కలిపితే చాలా ఏళ్లు పడుతుంది. ఇంట్లో వాళ్లతో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి. అయితే మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించే గురుత్వ తరంగాల పరిశోధనశాల లైగో-ఇండియాకు కేంద్రం 2023లో ఆమోదం తెలిపింది. పైగా ఇక్కడ నేర్చిన డేటా విశ్లేషణకు డేటా సైన్స్‌లోనూ, ఉపగ్రహ కక్ష్యల లెక్కల్లోనూ గిరాకీ ఉంది. లెక్కలంటే ఇష్టం, ఓపిక రెండూ ఉంటే ధైర్యంగా ఈ దారి పట్టండి.