రాకపోకలు లేని ఉగాది

అక్కల్లారా, ఉగాది అనగానే మనకు ఏమేం గుర్తొస్తాయి? వేపపువ్వు. మామిడి పిందె. కొత్త చింతపండు, కొత్త బెల్లం. గుమ్మానికి తోరణం. అన్నిటికన్నా ముందు, ఇంటికొచ్చే మనుషులు. అత్తగారింటి నుంచి కూతురు వస్తుంది. పట్నం నుంచి కొడుకు వస్తాడు. ఏడాదిపాటు దాచుకున్న కబుర్లన్నీ ఆ రెండు రోజుల్లో చెప్పుకుంటాం.

2020లో ఉగాది మార్చి 25న, బుధవారం నాడు వచ్చింది. ఆ ఏడాది పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. ఆ పేరు ముందునుంచీ పంచాంగంలో ఉన్నదే. కానీ ఆ పండుగ నాడు పేరుకు తగ్గట్టే జరిగింది.

ముందురోజు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. కరోనా జబ్బు ఒకరినుంచి ఒకరికి అంటుతోంది, 21 రోజులు ఎవరూ ఇల్లు కదలొద్దు అన్నారు. దానికే లాక్‌డౌన్ అని పేరు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అంతకు రెండు మూడు రోజుల ముందే బస్సులు ఆగాయి. రైళ్లు ఆగాయి.

21 రోజులంటే ఎప్పటిదాకా? లెక్క వేయండి. మార్చి 25 నుంచి 31 దాకా 7 రోజులు. ఏప్రిల్‌లో ఇంకో 14 రోజులు. ఏప్రిల్ 14కు అయిపోవాలి. అయిపోలేదు. మే 3 అన్నారు. తర్వాత మే 17 అన్నారు. తర్వాత మే 31 అన్నారు. గోడమీద క్యాలెండరులో గీతలు కొట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ కొట్టుకున్నారు.

హైదరాబాదు హాస్టళ్లలో ఉన్న పిల్లలు పండుగ పూట ఇళ్లకు బయలుదేరారు. హాస్టళ్లు మూసేస్తున్నారని విని సంచులు సర్దుకున్నారు. ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాళ్లను ఆపేశారు. ముందుకు పోనివ్వరు. వెనక్కు పోతే గది లేదు. ఇళ్ల దగ్గర తల్లులు ఫోను చేతిలో పట్టుకొని కూర్చున్నారు.

చెట్లకు మాత్రం ఇవేమీ తెలియవు. వేప విరగబూసింది. మామిడి కాసింది. కోయిల కూసింది. రోడ్డుమీద బండ్ల రొద లేదు కాబట్టి ఇంకా బాగా వినపడింది. పచ్చడి కూడా చేసుకున్నాం. తినడానికి ఇంట్లో ఉన్నవాళ్లమే ఉన్నాం.

ఫోనులో వచ్చిన కబురు

మనుషులు రాలేదు గనుక కబుర్లు ఫోనులోనే వచ్చాయి. ఫోనులో రెండు రకాల కబుర్లుంటాయి. ఒకటి చెవితో వినేది. ఇంకొకటి కంటితో చదివేది. ఆ వేసవిలో కంటితో చదివే కబుర్లు చాలా వచ్చాయి.

ఒకటి చెబుతాను. జనధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయలు వేసింది. ఏప్రిల్, మే, జూన్, మూడు నెలలు. బ్యాంకు దగ్గర గుంపు కూడకూడదని ఏప్రిల్ డబ్బుకు ఒక పద్ధతి పెట్టారు. ఖాతా నంబరులో చివరి అంకె 0 గానీ 1 గానీ అయితే ఏప్రిల్ 3న వెళ్లాలి. 2 గానీ 3 గానీ అయితే ఏప్రిల్ 4న. 4, 5 ఉన్నవాళ్లు 7న. 6, 7 ఉన్నవాళ్లు 8న. 8, 9 ఉన్నవాళ్లు 9న.

చూశారా? కావలసింది ఒక్క అంకె. ఆ అంకె తెలియనివాళ్లు నడినెత్తిన ఎండలో బ్యాంకుకు నడిచి వెళ్లి, నీ రోజు ఇది కాదమ్మా అనిపించుకొని వెనక్కు వచ్చారు. ఇప్పుడు మీ పాసుపుస్తకం తీయండి. చివరి అంకె చూడండి. మీరైతే ఏ రోజు వెళ్లేవారు?

దీనికి తోడు ఒక పుకారు లేచింది. వెంటనే తీసుకోకపోతే ఆ 500 ప్రభుత్వం వెనక్కు తీసుకుంటుందట! అది నిజం కాదని ప్రభుత్వం చెప్పింది. ఒకసారి మన ఖాతాలో పడితే అది మన డబ్బే. ఎప్పుడైనా తీసుకోవచ్చు. కానీ పుకారు ముందు నడుస్తుంది, నిజం వెనక నడుస్తుంది. బ్యాంకుల ముందు బారులు తీరారు.

పుకార్లలో ప్రాణం మీదికి తెచ్చినవీ ఉన్నాయి. చిత్తూరు జిల్లాలో కొందరు ఉమ్మెత్త రసం తాగారు. అది తాగితే కరోనా రాదని ఫోనులో ఒక వీడియో చెప్పింది. ఉమ్మెత్త విషం. మన అమ్మమ్మలకు ఆ సంగతి తెలుసు. మేక కూడా దాని జోలికి పోదు. ఆ రసం తాగినవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు ఇంకొకటి. కోళ్ల ధర పడిపోయింది. కోళ్లు పెంచినవాళ్లు మునిగిపోయారు.

అందుకే ఫోనులో ఏదైనా కబురు వస్తే మూడు మాటలు అడగాలి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? మూడిట్లో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ కబురును మన దగ్గరే ఆపేయాలి. పక్కింటికి పంపకూడదు.

దూరాన ఉన్నవాళ్లు

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌కు వలస పోతారు. వేరావల్ రేవులో పడవల మీద కూలికి పనిచేస్తారు. లాక్‌డౌన్ రాగానే నాలుగు వేలమందికి పైగా అక్కడే చిక్కుకుపోయారు. రేవులో కట్టేసిన పడవలే వాళ్లకు ఇళ్లయ్యాయి. అక్కడే వంట, అక్కడే పడక. ఒకరికి ఒకరు దూరంగా ఉండమంటే పడవలో ఎక్కడ ఉంటారు?

ఇక్కడ సముద్రపు ఒడ్డున వాళ్ల ఆడవాళ్లు ఫోను కోసం ఎదురుచూశారు. తిండి ఉందా? నీళ్లు ఉన్నాయా? జ్వరం ఏమైనా వచ్చిందా? నెల రోజులు ఇవే మాటలు. ఏప్రిల్ చివరలో ప్రభుత్వాలు బస్సులు పెట్టి వాళ్లను తీసుకొచ్చాయి. వచ్చినా వెంటనే ఇల్లు చేరలేదు. పరీక్షలు చేశారు. కొన్నాళ్లు క్వారంటైన్‌లో ఉంచారు. క్వారంటైన్ అంటే జబ్బు ఉందో లేదో తేలేదాకా విడిగా ఉంచడం.

నిజామాబాద్ జిల్లాలో ఒక ఉపాధ్యాయురాలు బస్సుల కోసం ఆగలేదు. ఆమె కొడుకు నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయాడు. పోలీసు అధికారి దగ్గర అనుమతి కాగితం రాయించుకొంది. ఒంటరిగా స్కూటీ మీద బయలుదేరింది. పోనూ రానూ 1400 కిలోమీటర్లు. దారిలో పోలీసులు ఆపితే కాగితం చూపించింది. కొడుకును వెనక కూర్చోబెట్టుకొని ఇంటికి తెచ్చుకొంది.

అందరికీ స్కూటీ లేదు. అందరికీ కాగితమూ దొరకలేదు. ములుగు జిల్లాలో మిరపకాయలు ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వచ్చారు. వాళ్లలో 12 ఏళ్ల ఆడపిల్ల ఒకతె. పని ఆగిపోయింది. బండి లేదు. తోటివాళ్లతో అడవిదారిన నడక మొదలుపెట్టింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా, ఆ పిల్ల ప్రాణం విడిచింది. జబ్బుతో కాదు. ఎండకు, నడకకు, ఆకలికి. మన కూరలో పడే కారం ఎవరు ఏరారో మనం ఎప్పుడూ అడగం.

కూలీల కోసం రైలు మే 1న గానీ కదల్లేదు. మొదటి రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు వెళ్లింది.

ఇళ్లల్లో ఉన్నవాళ్లకూ పని తగ్గలేదు. అందరూ ఇంట్లో ఉంటే వండేది ఎవరు, తోమేది ఎవరు? మీకు చెప్పక్కరలేదు. దానికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున మాస్కులు ఇవ్వాలని ప్రభుత్వం అనుకొంది. వాటిని పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు కుట్టారు. కొన్ని ఇళ్లల్లో తలుపు వేశాక దెబ్బలూ ఉన్నాయి. అలాంటప్పుడు ఫోను చేయాల్సిన నంబరు 181. ఇది ఆడవాళ్ల సహాయం కోసం పెట్టిన నంబరు. పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రెండో ఉగాది

మరుసటి ఉగాది 2021 ఏప్రిల్ 13న వచ్చింది. జబ్బు తగ్గిపోయిందిలే అని మనుషులు మళ్లీ కలుసుకున్నారు. పెళ్లిళ్లు చేసుకున్నారు. అప్పుడే జబ్బు రెండోసారి విరుచుకుపడింది. మొదటి ఉగాదికి భయం ఎక్కువ, చావులు తక్కువ. రెండో ఉగాదికి చావులు మన వీధిలోకే వచ్చాయి. ఆసుపత్రుల్లో మంచాలు దొరకలేదు. ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్, దొరకలేదు.

ఒక మేలు మాత్రం ఉంది. అప్పటికి టీకా వచ్చింది. 45 ఏళ్లు దాటినవాళ్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి వేయడం మొదలుపెట్టారు. జబ్బు ఎలా అంటుతుందో కూడా బాగా తెలిసింది. మొదట్లో కూరగాయలను కూడా కడిగి కడిగి ఆరబెట్టాం. నిజానికి ఇది ఎక్కువగా గాలిలో, ఊపిరి ద్వారా అంటుతుంది. మూసిన గదిలో ఎక్కువ. కిటికీ తెరిస్తే తక్కువ.

అప్పుడే మన ఇళ్లల్లోకి ఒక చిన్న యంత్రం వచ్చింది. బట్టలు ఆరేసే క్లిప్పులాగా ఉంటుంది. వేలికి పెడతారు. పేరు ఆక్సీమీటరు. రెండు అంకెలు చూపిస్తుంది. ఒకటి నాడి. రెండోది రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. ఆ రెండోది 95 నుంచి 100 దాకా ఉంటే ఫరవాలేదు. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే పోవాలి. ఈ జబ్బులో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు.

యంత్రాన్ని తలకిందులుగా పట్టుకోకండి. 98ని తలకిందులుగా చూస్తే 86 లాగా కనపడుతుంది! కావాలంటే పలకమీద రాసి తిప్పి చూడండి. ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

ఇప్పుడు ఒక జాబు చదువుదాం. ఆ రోజుల్లో ఒక తల్లి తన కూతురికి రాసిందనుకోండి. వెనకటి జాబుల్లో మొదట ‘ఉభయకుశలోపరి’ అని రాసేవారు. ఇక్కడ మేమూ, అక్కడ మీరూ క్షేమం అని దాని అర్థం. ఈ తల్లి ఆ మాట రాయలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. జాబు రాసి, ఫోటో తీసి ఫోనులో పంపింది. తపాలా వచ్చేదాకా ఆగే కబురు కాదు.

22-4-2021, గురువారం

చి. ల. సౌ. అమ్మాయికి అమ్మ దీవించి రాయునది.

మీ నాన్నకు జ్వరం. ఇవాళ్టికి అయిదో రోజు. పరీక్షలో కరోనా అని వచ్చింది. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను సరిగా చెప్పలేను. అందుకని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఆశా అక్క వచ్చి మందులిచ్చి వెళ్లింది. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో రాయించుకున్నాను. వేలికి పెట్టే యంత్రం సర్పంచిగారి ఇంట్లోది తెచ్చాను. నిన్న పొద్దున 96. సాయంత్రం 95. ఇవాళ పొద్దున 95. గోడమీది క్యాలెండరులో రాస్తున్నాను. 94 కంటే తగ్గితే నిన్నూ తమ్ముణ్నీ అడగను. 108కి ఫోను చేసి తీసుకుపోతాను. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం.

మీ నాన్న లోపల గదిలో పడుకుంటున్నాడు. కిటికీ తీసే ఉంచాను. నేను వసారాలో పడుకుంటున్నాను. అన్నం గడప దగ్గర పెడతాను. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. చారు తాగాడు. నోటికి రుచి తెలియడం లేదంటాడు. ఉప్పెక్కువైనా తిట్టడం లేదు.

పక్కింటి పెద్దమ్మ సోమవారం పోయింది. నలుగురే వెళ్లారు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఆమె కోడలికి ఫోను చేసి మాట్లాడు.

నువ్వు రావద్దు. చంటిదాన్ని అసలే తేవద్దు. నీ మీద కోపం వచ్చినా సరే, ఈ మాట గట్టిగానే రాస్తున్నాను.

గోధుమరంగు ఆవు ఈనింది. కోడెదూడ. వేపచెట్టు పువ్వంతా రాలిపోయింది. వచ్చే ఏటి చారుకు దోసెడు ఎండబెట్టాను. మామిడికాయలు ఇంకా టెంక గట్టిపడలేదు. ఆవకాయ మే నెలలో పెడతాను. నీ జాడీ కడిగి ఎండలో పెట్టాను.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: మీ అత్తగారికి 48 ఏళ్లు కదా. టీకా వేయించమని అల్లుడుగారితో చెప్పు. నువ్వు వేలికి యంత్రం పెట్టి చూసుకునేటప్పుడు గోరింటాకు లేని వేలికి పెట్టు. గోరింటాకు ఉంటే సరిగా చూపించకపోవచ్చు అని ఆశా అక్క చెప్పింది.