పండుగకు ఇంటికి రావడం ఎందుకు?

క్యాలెండర్‌లో ఎర్ర అంకె వేసిన ప్రతి రోజూ సెలవే. కానీ ప్రతి సెలవుకూ మనుషులు ఇల్లు చేరరు. ఆగస్టు 15న బెంగళూరులో పనిచేసే కొడుకు నంద్యాలకు రాకపోతే తల్లి ఏమీ అనుకోదు. రంజాన్ పండుగకు రాకపోతే మాత్రం మళ్ళీ రంజాన్ వచ్చేదాకా గుర్తు పెట్టుకుంటుంది. ఈ తేడా ఎందుకని తరగతిలో పిల్లలను అడిగితే "పండుగ కదా సార్" అంటారు. అది జవాబు కాదని వాళ్ళకూ తెలుసు.

నాకు తోచిన జవాబు ఇది. ఒంటరిగా ఉన్న మనిషి చేసుకోలేని పని ఏదో ఒకటి ఉన్న పండుగకే జనం ఇంటికి వస్తారు. పిలవడం, వండడం, పంచడం, పెద్దల సమాధుల దగ్గరకు వెళ్ళడం, ఇవన్నీ మరొకరు ఉంటేనే జరిగే పనులు.

మన ఆళ్లగడ్డ పక్కనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. రాష్ట్రమంతా సంక్రాంతికి ఊళ్ళు చేరుతుంది. సూర్యుని బట్టి లెక్కించే పండుగ కనుక అది జనవరి 14, 15 తేదీల నుంచి కదలదు. కొత్త అల్లుడిని ఎప్పుడు పిలవాలో ముందే తెలుస్తుంది. అహోబిలం చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం సంక్రాంతితోపాటు ఇంకో లెక్క నడుస్తుంది. కనుమ నాడు అహోబిలంలో స్వామి పల్లకి పారువేటకు బయలుదేరి దాదాపు నలభై రోజులు ఊరూరా తిరుగుతుంది. తన పెళ్ళికి, అంటే ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలకు, స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడని అక్కడివారి నమ్మకం. పల్లకి ఏ రోజు ఏ ఊరు చేరితే ఆ ఊరికి ఆ రోజు పండుగ. ఆడబిడ్డలు, అల్లుళ్ళు ఆ రోజుకే వస్తారు. పక్క ఊళ్ళో ఉన్న అక్క పండుగకు వెళ్ళి, వారం తర్వాత అదే అక్కను తమ ఊరి పండుగకు పిలుచుకోవచ్చు. అందరికీ ఒకే తేదీ అయితే ఈ వీలు ఉండదు. చుట్టాలను దృష్టిలో పెట్టుకుని ఇంత బాగా కుదిరిన ఏర్పాటు నేను ఇంకెక్కడా వినలేదు.

ఇక మన పండుగల విషయం. చంద్రమానంలో సంవత్సరానికి 354 లేక 355 రోజులే. అందుకే రంజాన్ పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. సుమారు 33 ఏళ్ళలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ తిరిగి వస్తుంది. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి మగ్రిబ్ అయ్యేదాకా రేపు పండుగో కాదో చెప్పలేము. రైలు టికెట్టు అరవై రోజుల ముందు తీసుకోవాలి, చంద్రుడు కనబడేది ముందు రాత్రి! దుకాణంలో, ఆఫీసులో దొరికేది ఒక్క రోజు సెలవు. అది ఏ రోజుకు అడగాలో తెలియక చివరికి రాత్రి బస్సులో నిలబడి వచ్చే పిల్లలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. పైన చెప్పిన మూడు సంవత్సరాలూ సౌదీలో పండుగ మనకన్నా ఒకరోజు ముందే జరిగింది. అక్కడ ఉన్న తండ్రి కొత్త బట్టలతో వీడియో కాల్‌లో ముబారక్ చెబుతుంటే ఇక్కడ పిల్లలు ఇంకా ఉపవాసంతోనే ఉంటారు. మరునాడు ఇక్కడ పండుగ పూట ఫోన్ చేసేసరికి ఆయన పనిలోకి వెళ్ళి ఉంటాడు.

తుర్కియేలో రంజాన్ పండుగకు మూడున్నర రోజుల సెలవు. ఇండోనేషియాలో ఈ పండుగకు సొంత ఊరికి చేరడాన్ని 'ముదిక్' అంటారు. కోట్ల మంది ఒకేసారి కదులుతారు. మన దగ్గర అలాంటి సెలవులు లేవు కాబట్టి పెద్దలు బాసీ ఈద్ ఏర్పరచుకున్నారు. మొదటి రోజు అత్తవారింట, రెండో రోజు పుట్టింట. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళకు ఈదీ ఇచ్చేది ఎక్కువగా అప్పుడే. పెళ్ళైన కొత్తలో జుమాగీ పేరుతో వధువు పుట్టింటివారు జంటను శుక్రవారాలు విందుకు పిలిచే దక్కనీ ఆచారం కూడా ఇలాంటిదే. మొదటి రోజంతా వంటింట్లో నిలబడే కోడలికి తన తల్లి ముఖం చూసే పూట అదొక్కటే. దాన్ని ఏ కారణంతోనూ ఎగ్గొట్టకూడదు.

బక్రీద్‌కు ఈ ఇబ్బంది తక్కువ. జిల్‌హజ్ నెలవంక కనబడ్డాక పదో రోజు కనుక ముందే తెలుస్తుంది. హనఫీ పద్ధతిలో ఖుర్బానీకి పది, పదకొండు, పన్నెండు తేదీలు, మూడు రోజులు ఉన్నాయి. మాంసం మూడు భాగాలు చేసి ఇంటివారికి, బంధుమిత్రులకు, పేదలకు ఇవ్వడం ఉత్తమం. కోయడానికి, తూచడానికి, ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడానికి ఎన్ని చేతులున్నా చాలవు. పెద్దవయసు దంపతులిద్దరే ఉన్న ఇంట్లో ఇది ఎంత భారమో ఈ సంస్థ యువకులకు తెలుసు.

షబే బరాత్‌కు, ఈద్ నమాజు తర్వాత, ఖబరస్తాన్‌కు వెళ్ళే ఆనవాయితీ మన వైపు ఉంది. తాత సమాధి ఎక్కడుందో మనవడికి చూపించాలంటే ఇద్దరూ ఆ రోజు ఇక్కడ ఉండాలి. పీర్ల పండుగ కొంత వేరు. అది ఇంటికన్నా ఊరికి రప్పించే పండుగ. అనంతపురం జిల్లా గూగూడులో చూస్తే మతభేదం లేకుండా వచ్చేవారే ఎక్కువ. దానిపై మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. నంద్యాల క్రైస్తవ సోదరులకు క్రిస్మస్ అలాంటి ఇంటి పండుగే.

మళ్ళీ రంజాన్ దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఇంట్లో అందరినీ లెక్కపెట్టించే పండుగ అది. స్తోమత ఉన్న ఇంటి యజమాని తన చిన్నపిల్లలందరి తరఫున కూడా ఫిత్రా తీయాలి. పండుగ నాటి తెల్లవారుజాముకు ముందు పుట్టిన పసిబిడ్డకూ లెక్క ఉంది. తలకు ఒకటిన్నర కిలోకు పైగా గోధుమలు, లేదా వాటి వెల. నమాజుకు ముందే ఇవ్వాలన్నది ఆదేశం. ఆ రోజు పేదవారు చేయి చాపే అవసరం రాకూడదన్నది దాని ఉద్దేశం.

కానీ మనలో చాలామంది ఈద్గా గేటు దగ్గరే జేబులోంచి తీసి ఇస్తున్నాము. ఆదేశం నెరవేరుతుంది. అయితే పొద్దున ఏడు గంటలకు చేతికి వచ్చిన డబ్బుతో ఆ తల్లి ఏమి చేయగలదు? సేమ్యా, పాలు, ఖర్జూరం కొని షీర్ ఖుర్మా కాచేసరికి పక్కిళ్ళలో పండుగ సగం అయిపోతుంది. దర్జీలు సగం రంజాన్‌లోనే కొత్త బట్టలు తీసుకోవడం ఆపేస్తారు. అంతకన్నా పెద్ద మాట, ఇంట్లో ఏమీ లేనప్పుడు ఆమె కూతురినీ అల్లుడినీ ఏ ముఖంతో రమ్మంటుంది? "ఈసారి అక్కడే చేసుకోండి బేటా" అని ఫోన్‌లో చెప్పేస్తుంది. బాసీ ఈద్ ఆ ఇంటికి రాదు.

హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) కాలంలో పండుగకు ఒకటి రెండు రోజుల ముందే ఫిత్రా ఇచ్చేవారని సహీ బుఖారీలో ఉంది. హనఫీ పండితులు అంతకన్నా ముందు ఇవ్వడానికీ అనుమతిస్తారు. ఇరవయ్యో ఉపవాసం నాటికి ఫిత్రా, జకాత్ సంస్థకు చేరితే, ఇరవై ఐదుకల్లా అది ఆ ఇళ్ళకు చేరుతుంది. కూతురికి ఫోన్ చేసి ఏ బస్సుకు బయలుదేరుతావని అడగడానికి ఆ తల్లికి ఇంకా నాలుగైదు రోజులు ఉంటాయి.