తాకట్టు విడిన తరువాత

పఠింపవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, మత్తయి 12:43–45, మత్తయి 18:23–35, యిర్మీయా 32:6–15



పంట ఇంటికి వచ్చు దినములలో మన ఇండ్లలో రెండు లెక్కలు జరుగును. పండినది ఎంత? చెల్లవలసినది ఎంత? పొలమునైనను, ఇల్లునైనను, ఇల్లాలి మెడలోని నగనైనను తాకట్టు పెట్టిన కుటుంబము, “ఈ ఒక్కటి విడిపించుకొంటే చాలును” అని చెప్పుకొనుచు ఏండ్లు గడుపును. అది విడిన మరునాడు ఏమి చేయుదుమని తలంచు కుటుంబములు కొద్ది. ఆ మరునాటిని గూర్చి వాక్యము ఏమి బోధించుచున్నదో ఈ పాఠములో ధ్యానింతము.

1. విధవరాలు రెండవసారి వచ్చెను

ఎలీషా కాలములో ప్రవక్తల శిష్యులలో ఒకడు అప్పు విడిచి చనిపోయెను. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చెను. ఇంట నూనె కుండ తప్ప మరేమియు లేదు. ప్రవక్త మాట చొప్పున ఆమె ఇరుగుపొరుగువారి యొద్ద వట్టి పాత్రలు ఎరవు తెచ్చి, తలుపు మూసికొని, నూనె పోసెను. పాత్రలన్నియు నిండిన తరువాతనే నూనె నిలిచెను.

ఇంతవరకు మనమందరము ఎరుగుదుము. అయితే ఏడవ వచనమును నిదానించి చదువుడి. నిండిన పాత్రలను చూచి ఆమె వెంటనే సంతకు పోలేదు. తిరిగి దైవజనుని యొద్దకు వచ్చి సంగతి తెలియజెప్పెను. కష్టములో దేవుని యొద్దకు పరుగెత్తువారము అనేకులము. కష్టము తీరిన దినమున ఆయన ఆలోచన అడుగువారము కొద్దిమందిమి. ఆమెకు కలిగిన ఆలోచన రెండు భాగములుగా ఉన్నది. మొదటిది, నూనె అమ్మి అప్పు తీర్చుట. రెండవది, మిగిలినదానితో ఆమెయు ఆమె పిల్లలును బ్రదుకుట. దేవుడు అప్పునకు సరిపడునంత మాత్రమే ఇచ్చి ఊరకుండలేదు. తరువాతి బ్రదుకును గూర్చియు ఆయన చింతించెను.

ఇంకొక సంగతి. ఆ పాత్రలు ఎరవు తెచ్చినవి. వాటిని ఎవరివి వారికి తిరిగి ఇచ్చివేయవలసియుండెను. పెద్ద అప్పు తీరిన సంతోషములో చేబదుళ్లను, అంగడి పద్దును, ఆపదలో ఊరకనే సహాయము చేసిన పొరుగువారిని మరచిపోకుదము గాక.

2. ఊడ్చిన ఇల్లు వట్టిగా ఉండదు

మత్తయి 12వ అధ్యాయములో ప్రభువు ఒక ఇంటిని గూర్చి చెప్పెను. అపవిత్రాత్మ విడిచిపోయినది. ఇల్లు ఊడ్చి అమర్చబడియున్నది, గాని లోపల ఎవరును లేరు. అప్పుడు ఆ ఆత్మ తనకంటె చెడ్డవైన మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని వచ్చి కాపురముండెను. ప్రభువు ఇది ఆ తరమువారిని గూర్చి చెప్పినదే యైనను, అప్పు విడిన ఇంటికిని ఇందులో హెచ్చరిక యున్నది.

ఏటేట కిస్తుకు పోవు సొమ్ము ఒక్కసారిగా చేతిలో మిగులును. దానికి పని నియమింపనియెడల అది తనకు తానే పని వెదకికొనును. వాయిదాలమీద కొన్న మోటారు సైకిలు వచ్చును. ఊరివారు మెచ్చుకొనునట్లు పెండ్లి విందు జరుగును. మూడవ ఏట అదే దస్తావేజు తిరిగి తాకట్టునకు పోవును. వడ్డీ లెక్క చూడుడి. లక్ష రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల, నెలకు 2,000, ఏటికి 24,000 రూపాయలు వడ్డీయే అగును. యాబది నెలలు, అనగా నాలుగేండ్ల రెండు నెలలు గడచునప్పటికి, కట్టిన వడ్డీ అసలంత అగును. అసలు మాత్రము అట్లే నిలిచియుండును.

3. విడుదల పొందినవాడు ఏమి చేసెను?

మత్తయి 18వ అధ్యాయములోని దాసునికి పదివేల తలాంతుల అప్పు క్షమింపబడెను. అతడు బయటికి రాగానే తనకు నూరు దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకొనెను. దేనారము ఆ కాలములో ఒక దినపు కూలి. అనగా అతడు వంద దినముల కూలికొరకు తన సహోదరుని చెరసాలలో వేయించెను.

దీనిని చదివి ఆ దాసుని నిందించుట సులభము. అయితే మన ఇండ్లలో జరుగునది చూతము. కుమార్తె కట్నము కొరకు పొలము తాకట్టు పెట్టి, పదేండ్లు కన్నీటితో విడిపించుకొన్న తండ్రి, కుమారుని పెండ్లి కుదిరినప్పుడు, “మేము ఇచ్చితిమి గదా, మాకు రావలదా?” అని అడుగుట లేదా? ఆ మాటతో మరియొక విశ్వాసి పొలము తాకట్టునకు పోవును. మన మెడనుండి తీసిన కాడిని సహోదరుని మెడమీద పెట్టినట్లే. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961వ సంవత్సరపు చట్టముచేత నిషేధింపబడెను. చట్టము లేకపోయినను ఈ ఉపమానము మనకు చాలియుండవలెను. తాకట్టు విడిన కుటుంబము చేయవలసిన మొదటి తీర్మానము ఇదే: మా కుమారునికి కట్నము అడుగము. ఈ తీర్మానమును పెండ్లి కుదిరిన తరువాత కాదు, నేడే సంఘ పెద్దల యెదుట చెప్పుట మేలు. నెహెమ్యా సహితము, తాకట్టు పొలములను తిరిగి ఇచ్చివేసెదమని వడ్డీ వ్యాపారులు పలికిన మాటను ఊరక నమ్మక, యాజకులను పిలిపించి వారిచేత ప్రమాణము చేయించెను (నెహెమ్యా 5:12).

4. ముందుగా వ్రాసికొనవలసిన లెక్క

ఒక కుటుంబము ఏటేట 40,000 రూపాయలు కిస్తు కట్టుచున్నదనుకొందము. చివరి కిస్తునకు ముందే భార్యాభర్తలు కలిసి కూర్చుండి, ప్రార్థించి, ఈ విధముగా వ్రాసికొనవచ్చును.

దేవునికి 4,000. వంటకు కొలుచునప్పుడు పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచు మన తల్లులకు ఈ క్రమము కొత్త కాదు.

ఆపద నిధికి 16,000. అనేక కుటుంబములను తాకట్టునకు తెచ్చునది జబ్బు, వాన లేమి, పెండ్లి. యోసేపు సమృద్ధిగల ఏడేండ్లును పంటలో అయిదవ భాగము కూర్పించెను. అప్పు దెబ్బ తిన్న మనము మొదటి మూడేండ్లు అయిదింట రెండు భాగములు తీసిన 48,000 రూపాయలు చేరును. దీనిని ఇంట ఉంచక, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో భార్యాభర్తల ఇద్దరి పేర వేయుడి.

పొలమునకు 10,000. అప్పు కాలములో గట్లు తెగిపోయియుండును, భూమి బలము తగ్గియుండును. చెరువు మట్టి, పశువుల ఎరువు తోలించుడి.

పిల్లల చదువునకు 5,000. కుమారునికెంతో కుమార్తెకును అంతే.

మిగిలిన 5,000 అక్కరలోనున్న పొరుగువానికి వడ్డీ లేక బదులిచ్చుటకు. నిర్గమకాండము 22:25 బీదవానియొద్ద వడ్డీ కట్టవద్దని మనకు నేర్పుచున్నది.

పంట పోయిన ఏట ఈ అంకెలు తగ్గును. తగ్గినను వంతులు తప్పకుండునట్లు చూచుకొనుడి.

5. కాగితములు భద్రము చేయుడి

యిర్మీయా అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొని, సాక్షుల యెదుట క్రయపత్రము వ్రాయించి, ముద్రవేసినదానిని, ముద్ర లేనిదానిని రెంటిని మట్టికుండలో ఉంచుమని బారూకునకు ఆజ్ఞాపించెను. యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములవి. అట్టివేళ కూడ ప్రవక్త కాగితములను అలక్ష్యము చేయలేదు.

మనమును చివరి రూపాయి కట్టి ఊరకే ఇంటికి రాకూడదు. చెల్లు రసీదు పుచ్చుకొనవలెను. తాకట్టు రిజిస్టరు అయినదైతే విడుదల దస్తావేజు కూడ రిజిస్టరు చేయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఈసీ తీసి, భారము తొలగినదో లేదో చూచుకొనవలెను. ఇల్లు కట్టుటకు తీసికొన్నటువంటి వ్యక్తిగత అప్పులు పూర్తిగా తీరినప్పుడు, అసలు పత్రములను 30 దినములలోగా తిరిగి ఇయ్యవలెనని, తమ తప్పువలన ఆలస్యమైనయెడల దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులకు ఆజ్ఞ ఇచ్చెను. ఇది 2023 డిసెంబరు 1 మొదలుకొని అమలులోనికి వచ్చెను. వినయముగా, గాని సంకోచింపక అడుగుడి.

ముగింపు

లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు భూమి తనదని చెప్పెను. ప్రాకారముగల పట్టణములోని ఇంటిని అమ్మినవాడు ఏడాదిలోగా విడిపించుకొననియెడల అది కొన్నవానికే నిలిచిపోవును. అయితే ప్రాకారము లేని పల్లెలోని ఇల్లు పొలముతో సమానముగా ఎంచబడి, యాబదియవ సంవత్సరమున విడుదల కావలెను. పల్లెటూరి బీదవాని గూడును ప్రభువు మరువలేదు. తాకట్టు విడిన దినమున పొలము మన చేతికి వచ్చును, గాని మన సొత్తు కాదు. మన కాపుదలకు తిరిగి అప్పగింపబడినది. ఎవరికొరకు ఆయన దానిని తిరిగి ఇచ్చెనో అడిగి తెలిసికొందము.

కూటములో చర్చింపవలసిన ప్రశ్నలు

1. విధవరాలు నూనె అమ్మకమునుపే దైవజనుని యొద్దకు ఎందుకు తిరిగి వచ్చెను?
2. మన సంఘములో కుటుంబములను తాకట్టునకు తెచ్చుచున్న కారణములెవ్వి? వాటిలో మనము కలిసి మాన్పగలది ఏది?
3. మన కుమారుల పెండ్లిండ్లను గూర్చి నేడు ఏమి తీర్మానింతుము?

ప్రార్థన: ప్రభువా, మా పెద్ద ఋణమును సిలువమీద తీర్చితివి. మా చిన్న ఋణములను తీర్చుకొనుటకు ఓర్పును, తీరిన తరువాత నిన్ను మరువని హృదయమును, మా పొరుగువానికి కాడి కాకుండు మనస్సును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.