సైకిల్ రైడ్: అందరికీ ఒకే దారి కాదు



ఫిట్ ఇండియా కింద 2024 డిసెంబరులో మొదలైన ‘సండేస్ ఆన్ సైకిల్’ గురించి క్లాసులో చెప్పాను. బెల్ కొట్టాక ఎనిమిదో తరగతి బాబు ఒకడు మెల్లగా వచ్చి, “టీచర్, నాకు సైకిల్ రాదు” అన్నాడు. రోజూ స్కూల్ బస్సులో వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్లు ఉంటారు. వాళ్లూ రైడ్‌కి రావాలంటే మూడు దారులు పెట్టుకుందాం.

రానివారికి: ఖాళీ మైదానం. రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించండి. ముందు పెడల్ తొక్కకుండా కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లనివ్వండి. బ్యాలెన్స్ అలాగే వస్తుంది.

కొంచెం వచ్చినవారికి: కాలనీ వీధుల్లో 2 కి.మీ.

బాగా వచ్చినవారికి: 5 కి.మీ. గంటకు 12 కి.మీ. వేగంతో ఎన్ని నిమిషాలు? లెక్క పిల్లలతోనే చేయించండి. (జవాబు: 25.)

జంగారెడ్డిగూడెంలో లారీలు, బస్సులు తిరిగే మెయిన్ రోడ్డు మాత్రం వద్దు. గంటకు 18 కి.మీ. వేగమంటే సెకనుకు 5 మీటర్లు. ఒక్క సెకను పరాకుగా ఉన్నా అంత దూరం వెళ్లిపోతాం. అందుకే హెల్మెట్, సైకిళ్ల మధ్య ఎడం, అందరికంటే వెనక ఒక పెద్దవారు తప్పనిసరి.

“నీకు సైకిల్ వచ్చా?” అని ఈరోజు ఇంట్లో అడగండి. రాదంటే నవ్వకండి. ఆదివారం ఒక అరగంట సీటు పట్టుకుని వెనకే నడవండి.