పార్శిల్ కన్నా ముందు ఉత్తరం

ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటుంది. టీమేమో కాకినాడలో ఒకరు, కరీంనగర్‌లో ఒకరు, అనంతపురంలో ఇంకొకరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక ఊళ్లకు చేరినవాళ్లందరూ వెనక్కి రాలేదు. సంక్రాంతి దగ్గర పడగానే ఇలాంటి టీమ్ లీడ్‌కు హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది: తలా ఇంత బడ్జెట్, ఏదైనా పంపండి అని. కంపెనీ ముద్ర వేసిన కాఫీ కప్పో, నీళ్ల సీసానో వెళ్తుంది, నేరుగా అటకెక్కుతుంది. అదే బడ్జెట్‌కు కాస్త ఓపిక కలిపితే ఇంకోలా చేయొచ్చు: పార్శిల్‌తో పాటు ఒక్కొక్కరికీ వాళ్ల పని గురించి ఒక ఉత్తరం. కాకపోతే డిసెంబరు మొదటి వారంలోనే పనిలోకి దిగాలి.

కొనడం తర్వాత, ముందు వెతకాలి. ఆఫీసులో రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్న మనిషి అందరికీ కనిపిస్తాడు. ఇంట్లో కూర్చున్న మనిషి గుర్తు చాట్‌లో ఒక పచ్చచుక్క, అంతే. అందుకని గత ఆరు నెలల టికెట్లు, మెయిళ్లు, చాట్‌లు తిరగేయండి. మనిషికి ఒక్క సంఘటన దొరికితే చాలు, కానీ అది ఆ మనిషిదే అయి ఉండాలి. ‘బాగా కష్టపడతారు’, ‘టీమ్‌కు పెద్ద అండ’ అని రాశారనుకోండి. పేరు మార్చి ఇంకొకరికి పంపినా అతుకుతుందా? అయితే కొట్టేయండి. కొందరి విషయంలో ఎంత తిరగేసినా ఏమీ దొరకదు. సాధారణంగా వీళ్లే ఏ గొడవా రాకుండా పని నడిపించేవాళ్లు. వాళ్లతో రోజూ పనిచేసేవాళ్లను అడిగితే చెప్తారు.

దొరికిన సంఘటనను ముందు పైవాళ్లకు పంపండి. మేనేజర్‌కు, వీలైతే క్లయింటుకు, ఆ మనిషి పేరుతోనే మెయిల్ పెట్టండి. అప్రైజల్ ఫైల్లో కూడా అదే మాట ఎక్కాలి. ఉత్తరంలో ఆకాశానికెత్తి మార్చిలో రేటింగ్ తగ్గించే లీడ్ రాసిన ఉత్తరాన్ని మరుసటి పండక్కి ఎవరూ విప్పి చూడరు.

ఇక ఉత్తరం. తెలుగులో రాయండి, చేత్తో రాయండి, ఒక పేజీ దాటనివ్వకండి. తెలుగులోనే ఎందుకంటే, ఆఫీసు పనికి సాక్షులు తోటి ఉద్యోగులు, ఇంటి నుంచి చేసే పనికి సాక్షులు ఇంట్లోవాళ్లు. వాళ్లకు కనిపించేది తలుపు దగ్గరగా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషే. ‘ఇంట్లోనే ఉంటావుగా, గ్యాస్‌బండ వస్తే తీసుకో’ అనిపించుకునే ఉద్యోగం అది. కోడలైతే ఆ మాటకు తోడు రెండు పూటలా వంట కూడా ఉంటుంది. పార్శిల్ వచ్చిన రోజు ఆ కాగితం ఇంట్లో చేతులు మారుతుంది. అత్తగారు చదివినా అర్థమయ్యేలా ఉండాలి. అందుకే ‘ప్రొడక్షన్ ఇష్యూ’, ‘డిప్లాయ్‌మెంట్’ లాంటివి తీసేసి, ఆ పని వల్ల బయట ఎవరికి ఏం మేలు జరిగిందో రాయండి. ఉదాహరణకు ఇలా:

“ఆ రాత్రి మీ ఊళ్లో కరెంటు పోయింది. ఫోన్ నెట్ మీద తెల్లవారుజాము నాలుగింటిదాకా కూర్చుని మీరు ఆ తప్పు పట్టుకోకపోతే, పొద్దున్నే చాలామంది ఖాతాల్లోంచి ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు పోయేది. మర్నాడు మీటింగ్‌లో మీరా మాట ఎత్తలేదు. నేను ఎత్తాను. క్లయింటుకు మీ పేరుతోనే రాశాను.”

ఇంతే. ‘వచ్చే ఏడాది ఇంకా బాగా చేస్తారని ఆశిస్తూ’ అని ముగించొద్దు, అది కొత్త టార్గెట్ అవుతుంది. కాల్‌లో వినిపించిన పిల్లాడి ఏడుపు, గోడ అవతలి మాటలు ఉత్తరంలోకి రాకూడదు.

అడ్రసు మాత్రం నేరుగా అడిగేయండి. రికార్డుల్లో ఉన్నది చాలాసార్లు చేరినప్పటి అద్దె ఇల్లు. సర్‌ప్రైజ్ ఇద్దామని పాత అడ్రసుకు పంపిన పార్శిల్ తిరిగి ఆఫీసుకే వస్తుంది. అడిగేటప్పుడే తీపి తింటారో లేదో, ఇంట్లో ఎంతమందో కూడా కనుక్కోండి.

ఏం పంపాలి? పండక్కి తినేదే మేలని నా అభిప్రాయం. కాకినాడ మనిషికి హైదరాబాద్ నుంచి కాజా పంపితే నవ్వుకుంటారు. వాళ్లకు నువ్వులు, వాము వేసిన సకినాలు పంపండి. కాజా కరీంనగర్‌కు వెళ్లనివ్వండి. అనంతపురానికి రెండూ కొత్తే. ఆత్రేయపురం పూతరేకులంటే అందరికీ ఇష్టమేగానీ, ఒత్తిడి పడితే పొడి అవుతాయి, గట్టి డబ్బా లేకుండా వాటి జోలికి పోకండి. సకినాలూ విరుగుతాయి, వరసకూ వరసకూ మధ్య కాగితం వేయాలి. ఉత్తరాన్ని నెయ్యి అంటకుండా విడిగా కవర్లో పెట్టి, డబ్బా తెరవగానే కనిపించేలా పైన ఉంచండి. డబ్బాగా కాకుండా డబ్బుగా ఇద్దామనుకుంటే ముందు అకౌంట్స్ వాళ్లతో మాట్లాడండి. వస్తువుగా ఇచ్చే బహుమతికి ఏడాదికి ఒక పరిమితి వరకు పన్ను ఉండదు, చాలాకాలం అది 5,000 రూపాయలు. జీతంతో కలిపి వేసే డబ్బుకు ఆ వెసులుబాటు లేదు.

పార్శిల్ జనవరి 5 లోపు కదలాలి. ఆ తర్వాత పండగ రద్దీలో పడుతుంది. ఆర్టీసీ కార్గోలో వేస్తే బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాల్సి రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి.

చేరాక ఫోన్ చేయాలి, కానీ వేళ చూసుకోండి. చలికాలంలో న్యూయార్క్ ఉదయం తొమ్మిది మనకు రాత్రి ఏడున్నర. ఆ వేళకు మొదలయ్యే షిఫ్టులో ఉన్నవాళ్లు పడుకునేది తెల్లవారుజాము నాలుగున్నర దాటాకే. పొద్దున పదింటికి ఫోన్ చేసి ‘అందిందా?’ అని అడిగితే నిద్ర చెడగొట్టినట్టే. సాయంత్రం చేయండి, రెండు నిమిషాల్లో పెట్టేయండి. అందరినీ కూర్చోబెట్టి వీడియో కాల్లో చప్పట్లు కొట్టించే కార్యక్రమం నాకు నచ్చదు. నలుగురిలో పొగిడితే ముడుచుకుపోయేవాళ్లు ఉంటారు, కొందరికి అది ఇంకో మీటింగే.

బడ్జెట్ అసలే రాకపోతే ఉత్తరంతో పాటు ఒక సెలవు ఇవ్వండి. పని పోగుపడే సెలవైతే అర్థం లేదు. ఆ రోజు వాళ్ల టికెట్లు ఎవరు చూస్తారో పేరు రాసి గ్రూపులో పెట్టండి. అర్జెంటు పడితే మీకే ఫోన్ చేయమని మిగతావాళ్లకు చెప్పండి, వాళ్లను గ్రూపు మ్యూట్ చేసుకోమనండి.