ఇంటిలో మౌనమునకు ఒక మూల

మన పల్లెటూళ్ల యిండ్లలో ధాన్యమునకు గాదె కలదు. పశువులకు కొట్టము కలదు. దీపమునకు గోడలో గూడు కలదు. దినమంతయు శ్రమించి వచ్చిన మనిషి పది నిమిషములు మౌనముగా కూర్చుండుటకు మాత్రము చోటు కానరాదు. ఐక్యరాజ్యసమితి 2014లో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినముగను, 2024లో డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యాన దినముగను ప్రకటించినది. ఏడాదికొకనాడు బడి ఆవరణలో అందరును చేరుట మంచిదే. కాని మనస్సునకు విశ్రాంతి ప్రతిదినము కావలెను. అది ఇంటిలోనే దొరకవలెను.

ఇందుకు వేరు గది అక్కరలేదు. ఒక చాప పరచునంత చోటు చాలును. వసారా కొన, పెరటి అరుగు, కిటికీ ప్రక్క - ఏదైనను సరియే. గాలి, వెలుతురు రావలెను. పొయ్యి పొగ రాకూడదు. అగరువత్తి పొగ ఉబ్బసము గలవారికి హాని చేయును గనుక అది లేకున్నను లోపము లేదు. మోకాళ్ల నొప్పులు గలవారు పీటపైన గాని, కుర్చీలో గాని కూర్చుండవచ్చును. సెల్‌ఫోను ఆ దరికి రాకుండుట మేలు. ఏ మతము వారికైనను ఈ చోటు ఒక్కటియే.

కూర్చున్న పిదప నడుము నిటారుగా నుంచి, ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకన్న మెల్లగా విడువవలెను. ఊపిరి విడుచునప్పుడు గుండె వేగము కొంత తగ్గును, శరీరము సడలును. మనస్సు పొలము మీదికో, అప్పు మీదికో పోయినచో విసుగు చెందక మరల ఊపిరి మీదికి తేవలెను. మొదట ఐదు నిమిషములు చాలును.

ఒక మాట ముఖ్యము. మగవారికి సాయంకాలము రచ్చబండ కలదు. ఇల్లాలికి వంటయిల్లు తప్ప వేరు చోటేది? ఆమె కూర్చున్న కొద్దిసేపు బిడ్డను, పొయ్యిని ఇతరులు చూచుకొనవలెను. అట్లు కానిచో చాప పరచియు ఫలము లేదు.

ధ్యానము మందునకు బదులు కాదు. రక్తపుపోటు, మధుమేహము గలవారు మాత్రలు మానరాదు. కూర్చున్నకొలది దిగులు హెచ్చుచున్నచో ఆపి వైద్యుని చూడవలెను. నిద్ర లేక, బ్రతుకు మీద విరక్తితో మాటలాడువారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యతో ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. పురుగుమందులను ఇంటిలో నుంచక, దూరముగా తాళము వేసి భద్రపరచుట ప్రతి కుటుంబమునకు రక్షణ.

పంచాయతీ సభ్యులకును ఇందు బాధ్యత కలదు. వీధిలో మైకు మ్రోగుచుండగా ఇంటిలో మౌనమెట్లు నిలుచును? 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగముగా లౌడుస్పీకర్లు వాడరాదు. పండుగలకు ప్రభుత్వము ఏడాదిలో 15 దినములకు మించకుండ, అర్ధరాత్రి వరకు మాత్రమే సడలింపు నీయవచ్చును. ఈ సంగతిని గ్రామసభలో చదివి వినిపించి, ఉత్సవ సంఘముల వారితో ముందుగనే మాటలాడుకొనుట మంచిది.

సభ్యులు మొదట తమ యింట ఒక చాప పరచి, ఆ చాపపై ముందుగా ఇల్లాలిని కూర్చుండనిచ్చిన నాడు, ఊరివారికి వేరుగా ఉపన్యాసము చెప్పనక్కరలేదని మా విశ్వాసము.