మనుష్యుని ఎదుగుదల ఎన్నడు నిలుచును?

ఐదేండ్ల పిల్లవానిని చూచి "వీడింతే, మొండివాడు, బాగుపడడు" అని తీర్పు చెప్పు పెద్దలు ప్రతి యూరనూ కలరు. డెబ్బదియేండ్ల వృద్ధుని చూచి "ఆయనకిక ఏమి తెలియును?" అని ప్రక్కకు తప్పించు పిన్నలును కలరు. ఈ రెండు తీర్పులును ఒకే తలంపునుండి పుట్టినవి. మనస్సు పసితనముననే అచ్చుపోయబడి, నడివయస్సున గట్టిపడి, ముదిమియందు పగుళ్లు బారునని మనలో అనేకుల నమ్మకము. ఇది ఎంతవరకు నిజమో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఊహతో గాక, మనుష్యులను దశాబ్దముల తరబడి కనిపెట్టి చూచి తెలిసికొనిరి. అట్టి పరిశోధనలలో రెండింటిని ఇచ్చట వివరించెదను.

ముందుగా పద్ధతిని గూర్చి ఒక మాట. వయస్సుతోపాటు బుద్ధి ఎట్లు మారునో కనుగొనుటకు సులభమైన మార్గ మొకటి కలదు. ఇరువది యేండ్లవారిని, నలువది యేండ్లవారిని, డెబ్బది యేండ్లవారిని ఒకేనాడు పిలిచి, ఒకే ప్రశ్నపత్రమిచ్చి, మార్కులు పోల్చుట. ఇట్లు పోల్చినచో వృద్ధులు వెనుకబడినట్లే కనబడుదురు. కాని ఆ వృద్ధుడు బాలుడుగా నున్ననాడు ఊరిలో బడి యున్నదా? పుస్తక మున్నదా? కడుపునిండ అన్న మున్నదా? ఆ వ్యత్యాసములో వయస్సు పాలెంతయో, తరము పాలెంతయో ఈ పద్ధతి వేరుచేసి చూపజాలదు. రెండవ మార్గము కష్టమైనది. ఒకే మనుష్యులను ఏండ్ల తరబడి వెంబడించి, మాటిమాటికి పరీక్షించుట. దీనిని అనుదైర్ఘ్య పరిశోధన యందురు. ఇందులో పరిశోధకుడును తాను పరిశోధించువారితో పాటు ముసలివాడగును.

సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితమునకు పునాది తొలి యేండ్లలోనే పడునని బోధించెను. ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రకటించిన గ్రంథమున జీవితమును ఎనిమిది దశలుగా విభజించి, తుది దశను వార్ధక్యమునకు కేటాయించెను. ఆ దశల పట్టికను ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారెల్లరు వల్లించినవారే. పట్టికను వల్లించుట కంటె ఒక దీవి కథ తెలిసికొనుట మేలని నా యభిప్రాయము.

పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి దీవులలో కవాయి యనునది యొకటి. 1955వ సంవత్సరమున ఆ దీవిలో పుట్టిన 698 మంది శిశువులను, వారు తల్లి గర్భమున నున్ననాటి నుండియే పరిశోధకులు గమనింప మొదలిడిరి. ఆ కుటుంబములలో అనేకము చెరకుతోటల పనికై వలస వచ్చిన జపాను, ఫిలిప్పీను దేశీయుల సంతతివి. హవాయి స్థానికులును ఉండిరి. ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అను ఇరువురు విదుషీమణులు ఈ పిల్లలను మొదటి యేట, రెండవ యేట, పదవ యేట, పదునెనిమిదవ యేట, ముప్పది దాటిన పిమ్మట, తుదకు నలువదవ యేట పరిశీలించిరి.

ఆ పిల్లలలో ఇంచుమించు మూడవవంతు మంది కష్టములలో పుట్టినవారు. పేదరికము, కష్టమైన కాన్పు, తండ్రి త్రాగుడు, తల్లి మనోవ్యాధి, ఇంట నిత్యకలహము. రెండేండ్లు నిండకమునుపే ఇట్టివి నాలుగో, అంతకుమించియో చుట్టుముట్టిన పిల్లలలో మూడింట రెండువంతుల మందికి పదియేండ్లకు చదువు సాగకపోవుటయో, పదునెనిమిది యేండ్లకు నేరములో, మానసిక బాధలో ఏర్పడినవి. ఇది మనము ఊహింపగలిగినదే. ఆశ్చర్యమేమనగా, తక్కిన 72 మంది అట్టి యిండ్లలోనే పెరిగి, చక్కగా చదువుకొని, పనిపాటలు నేర్చి, ఇతరులను ఆదరించు మనుష్యులైరి. నలువది యేండ్లు వచ్చునాటికి వారిలో పనిలేనివాడు గాని, నేరమున చిక్కినవాడు గాని ఒక్కడును లేడు.

వారికి ఏమి లభించినది? కొంత పుట్టుకతో వచ్చిన స్వభావము. ఏడాది బిడ్డలుగా నున్నప్పుడే వారు చురుకైనవారనియు, ఆప్యాయత గలవారనియు తల్లులు చెప్పియుండిరి. కాని అంతకంటె నన్ను ఆకర్షించినది వేరు. వారిలో ప్రతివానికిని తన్ను నమ్ముకొని నిలిచిన మనిషి కనీస మొకరుండిరి. ఆ మనిషి తల్లియే కానక్కరలేదు, తండ్రియే కానక్కరలేదు. అవ్వ, తాత, అక్క, మేనత్త, పినతల్లి, ఎవరైనను సరియే. తొలి యేడాదిలో ఆ సంబంధము ఎక్కువకాలము తెగిపోకుండుట ముఖ్యము. రెండవది, ఆ పిల్లలకు ఇంట ఏదో యొక పని అప్పగింపబడినది. తమ్ముని ఎత్తుకొనుట, వంట చూచుట, బడి విడిచిన పిమ్మట నాలుగు డబ్బులు సంపాదించుట. తాను లేనిచో ఇల్లు గడవదను నమ్మకము వారిని నిలబెట్టినది. మూడవది, ఇంటి వెలుపల వారికి దారి చూపినవారిలో తరచుగా కనబడినది ఒక ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో. ముప్పదియేండ్లుగా పాఠములు చెప్పుచున్న నాకు ఈ సంగతి చదివినప్పుడు సంతోషముకంటె భయమే హెచ్చుగా కలిగినది. ఏ పిల్లవాడు తన్ను పట్టుకొని నిలబడుచున్నాడో ఆ యుపాధ్యాయునికి తెలియనే తెలియదు!

కష్టములు పిల్లలను రాటుదేల్చునని వాదించుటకు ఈ పరిశోధనను వాడుకొనుట తగదు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బతినిరను సంగతిని మరువరాదు.

అయితే ఆ దెబ్బతిన్నవారి కథ పదునెనిమిదవ యేటితో ముగియలేదు. వెర్నర్ అచ్చటనే ఆగియుండినచో మన గ్రంథములలో తప్పు పాఠమే మిగిలియుండెడిది. ముప్పదిరెండేండ్లకును, నలువదేండ్లకును తిరిగి చూచినప్పుడు, కౌమారమున దారితప్పిన వారిలో హెచ్చుమంది నిలద్రొక్కుకొనియుండిరి. కొందరు పెద్దవారైన పిమ్మట కళాశాలకు తిరిగి వెళ్లిరి. కొందరు సైన్యమున చేరి క్రమశిక్షణ నేర్చిరి. కొందరికి స్థిరచిత్తము గల భార్యయో భర్తయో లభించెను. కొందరు దైవభక్తిలో ఆశ్రయము పొందిరి. ప్రాణాంతకమైన జబ్బునుండి బయటపడి మారినవారును కలరు.

ఇక వార్ధక్యము. అమెరికాలోని సియాటిల్ నగరమున వార్నర్ షాయ్ అను విద్యార్థి 1956లో తన డాక్టరేటు పట్టమునకై, ఇరువదులు మొదలు డెబ్బది వరకు వయస్సుగల 500 మందిని పరీక్షించెను. పట్టము వచ్చిన పిమ్మటను విడువక, ప్రతి ఏడేండ్లకు వారిని తిరిగి పరీక్షించుచు, క్రొత్తవారిని చేర్చుచు దశాబ్దములు సాగించెను. మొదటి పద్ధతితో పోల్చినప్పుడు చాల ముందుగానే తగ్గినట్లు కనబడిన బుద్ధిశక్తులు, అదే మనుష్యులను వెంబడించి చూచినప్పుడు అట్లు తగ్గలేదు. పదజ్ఞానము, తర్కశక్తి, ఆకారములను మనస్సులోనే త్రిప్పి చూచు నేర్పు, ఇవి నడివయస్సుననే ఉచ్చస్థితికి చేరినవి. చూచి వెంటనే గుర్తించు వేగము మాత్రము యౌవనము దాటగనే మెల్లగా తగ్గనారంభించును. అరువదులు దాటిన పిమ్మట క్షీణత తక్కినవానిలోను కనబడును. కాని ఎనుబది దాటినవారిలోను శక్తులన్నియు ఒక్కపెట్టున సన్నగిల్లినవారు అరుదు. (మతిని హరించు రోగము వేరు. అది వ్యాధి గనుక వైద్యునికి చూపవలసినది. వయస్సుపై నెట్టి ఊరకుండరాదు.)

ఎవరికి బుద్ధి ఎక్కువకాలము నిలిచినదనగా, హృద్రోగము వంటి దీర్ఘవ్యాధులు లేనివారికి, వ్యాపకములు విడువని వారికి, తెలివిగల జీవితభాగస్వామితో కాపురము చేసినవారికి. ఈ కడపటి మాట వినిపించినప్పుడు మా యింట ఎవరు మురిసిరో వ్రాయనక్కరలేదు.

1983, 84 సంవత్సరములలో షాయ్, ఆయన సహచరి షెర్రీ విల్లిస్ కలిసి అరువదినాలుగు దాటిన వృద్ధులకు పాఠములు చెప్పిరి. గంటకొక పాఠము చొప్పున మొత్తము ఐదు పాఠములు. కొందరికి ఆకారములను త్రిప్పి చూచుట, కొందరికి వరుసలోని క్రమమును పట్టుట నేర్పిరి. మన యక్షరములలో చెప్పవలెనన్న "క, గ, చ, జ, ట" యని వ్రాసి, పిమ్మట ఏమి వచ్చునని అడుగుట వంటిది. వరుసను పైకి చదువుట, మరల వచ్చు అక్షరము క్రింద గీత గీయుట, విడిచిన దానికి గుర్తు పెట్టుట, చిన్నపిల్లలకు మనము నేర్పు ఉపాయములే. నేర్చుకొన్నవారిలో ఇంచుమించు మూడింట రెండువంతుల మంది మెరుగుపడిరి. అంతకుముందు శక్తి తగ్గియుండినవారిలో నూటికి నలువది మంది పదునాలుగేండ్ల క్రిందట తాము ఉండిన స్థాయికి తిరిగి వచ్చిరి. ఏడేండ్లు గడచిన పిమ్మట మరల పరీక్షింపగా, ఆ పాఠములు విన్న వృద్ధులు విననివారికంటె ఇంకను ముందుండిరి.